జట్కా వెనక ఊరు

బెంగళూరు చుట్టుపక్కల పాతకాలపు పల్లె ఒకటి కట్టి జనానికి చూపించాలన్న ఆలోచన ఎవరికి వచ్చినా అందులో మూడు సంగతులు తప్పకుండా ఉంటాయి: నాలుగు పూరిపాకలు, సారె తిప్పే కుమ్మరి, గేటు దగ్గర ఒక గుర్రపుబండి. పాకలు ఫొటోలకి. కుమ్మరి, పిల్లల చేతికి మట్టిముద్ద ఇవ్వడానికి. బండి, వచ్చినవాళ్ళని ఒక చుట్టు తిప్పి దింపడానికి. ఈ వరుసలో బండిది ఆఖరి స్థానం; ఉంటే ముచ్చట, లేకపోయినా ఎవరూ అడగరు. ఈ నగరం చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే వరుస తిరగబడాలనిపిస్తుంది. చేతివృత్తుల ఊరు నిజంగా బతకాలంటే అందులోకి మొదట రావలసింది బండి. దానితో పని పడేవాళ్ళు దాని వెంట వస్తారు. వాళ్ళు కాపురం ఉండటానికి, పనిచేసుకోవడానికి ఇళ్ళు ఆ తర్వాత లేస్తాయి. ఒక మనిషి చేతిలో నేర్పు ఎంత ఉన్నా, ఆ నేర్పు కోసం పొద్దున్నే అతని వాకిట్లో నిలబడే ఇంకో మనిషి లేకపోతే అది వృత్తిగా మిగలదు. ప్రదర్శన అవుతుంది. ఇప్పటిదాకా కట్టిన పల్లెల్లో ఎక్కువ భాగం ఈ రెంటికీ ఉన్న తేడాను పట్టించుకోలేదు.

బెంగళూరు పాతపేట పుట్టుకే ఇందుకు మొదటి సాక్ష్యం. 1537లో కెంపేగౌడ మట్టికోట కట్టించి, దొడ్డపేట, చిక్కపేట కలిసే చోటు నుంచి నాలుగు దిక్కులకూ నాగళ్ళు తోలించి, అవి గీసిన చాళ్ళ వెంట వీధులు వేయించాడని జనం చెప్పుకుంటారు. కథలో నిజం పాలు ఎంతైనా కానీ, పేటల పేర్లు మాత్రం అబద్ధం చెప్పవు. కుంబారపేట కుమ్మరులది, గాణిగరపేట గాండ్లవాళ్ళది, బళేపేట గాజులది, అరళేపేట దూదిది, అక్కిపేట బియ్యానిది. దేవాంగులు, తొగటలు మగ్గాలు వేసుకున్న వీధుల్లో కన్నడంతో పాటు తెలుగూ వినబడేది. టిప్పు సుల్తాను పోయిన మరుసటి ఏడు, 1800లో, ఈస్టిండియా కంపెనీ తరఫున ఈ దారిన వచ్చిన ఫ్రాన్సిస్ బుకానన్ ఈ నేతవాళ్ళ గురించి, రంగులద్దేవాళ్ళ గురించి, వర్తకుల గురించి ఓపిగ్గా రాసుకున్నాడు. ఆ రాతలు 1807లో అచ్చయ్యాయి. అందులో నేతగాడు ఎక్కడా ఒంటరిగా కనబడడు. నూలు వడికే ఆడవాళ్ళు, ఆ నూలు చేతులు మారే సంత, ముందుగా డబ్బిచ్చి గుడ్డ నేయించుకునే వర్తకుడు, ఇంతమంది నడుమ ఒకడిగా కనబడతాడు. అదే పుస్తకం ఇంకో సంగతి కూడా చెబుతుంది. టిప్పు తన పొరుగు రాజ్యాలతో వర్తకం ఆపెయ్యగానే పేట మగ్గాలు దెబ్బతిన్నాయి. నేత మరిచిపోయినవాడు ఒక్కడూ లేడు. కొనేవాడికి దారి మూసుకుపోయింది, అంతే.

ఇక బండి సంగతి. బండి అనాదిగా ఉన్నదనీ, మోటారు వచ్చి నిన్నగాక మొన్న దాన్ని తోసేసిందనీ మనం అనుకుంటాం. ఈ ప్రాంతం వరకు చూస్తే ఇది సగమే నిజం. బుకానన్ కాలంలో బెంగళూరుకు సరుకు ఎక్కువగా వచ్చింది ఎద్దుల వీపుల మీద. లంబాడీల పెరికెద్దులు మోసిన ధాన్యంతోనే ఆనాటి సైన్యాలు నడిచాయి. మైసూరు రాజుల అమృత మహల్ ఎద్దులు ఫిరంగులు లాగడానికి పేరుపడ్డాయి కానీ ఊళ్ళ మధ్య సరుకుకు బండి అంతటా తిరగలేదు. తిరగడానికి బాట ఉండాలి కదా. 1834 నుంచి 1861 దాకా మైసూరు కమిషనరుగా ఉన్న మార్క్ కబ్బన్ హయాంలో దాదాపు 1,600 మైళ్ళ రోడ్లు పడ్డాయి. చక్రానికి ఇక్కడ అసలు రాజ్యం అప్పుడు మొదలైంది. 1809లో కంటోన్మెంటు పెట్టడంతో పేటకూ దండుకూ మధ్య మైళ్ళ కొద్దీ రాకపోకలు పుట్టాయి. 1864లో జోలార్‌పేట నుంచి రైలు వచ్చింది. రైలు దిగినవాణ్ణి ఇంటికి చేర్చేందుకు ఒంటి గుర్రపు జట్కా కావలసి వచ్చింది. 1898 ప్లేగు పేటను ఖాళీ చేయించాక బసవనగుడి, మల్లేశ్వరం నిండాయి. ఆఫీసు ఒకచోట, ఇల్లు ఒకచోట అయింది. జట్కాకు గిరాకీ పెరిగింది. 1905లో వీధుల్లో కరెంటు దీపాలు వెలిగాయి. 1940లో బెంగళూరు ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ బస్సులు వచ్చాయి, 1956లో అవి ప్రభుత్వం చేతికి పోయాయి, వాటి వెనకే ఆటోలు. లెక్క చూసుకుంటే ఈ ఊళ్ళో జట్కా గట్టిగా బతికింది ఒక వంద సంవత్సరాలు. అంటే అది రైలుకు తోబుట్టువు. కెంపేగౌడ కాలం నాటి ఊరని బోర్డు పెట్టి అందులో జట్కా తిప్పడం, శ్రీకృష్ణదేవరాయల సినిమాలో చేతిగడియారం కనబడటం లాంటిదే.

కనుక పాతకాలపు ఊరు కట్టేవాళ్ళు తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న, ఏ సంవత్సరం? దీన్ని దాటవేస్తే మిగిలేది పాతదనం అనే ఒక పులుముడు రంగు. నన్నడిగితే 1890లు, ప్లేగుకు కాస్త ముందు. రైలు ఉంది, మోటారు లేదు. మిల్లుగుడ్డ వచ్చింది, మగ్గం ఇంకా పోలేదు. కిరసనాయిలు దీపం వచ్చింది, గానుగనూనె దీపం ఆరలేదు. వృత్తులన్నీ ఒక కొత్త పోటీని ఎదుర్కొంటున్న ఘడియ అది. చూడవచ్చినవాడికి అందులో చరిత్ర కదులుతూ కనబడుతుంది. ఏ కుదుపూ లేని స్వర్ణయుగాన్ని ఊహించి కట్టిన ఊళ్ళో అలాంటి కదలిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ రోజుల్లో బెంగళూరులో ఒక్క జట్కా రోడ్డెక్కాలంటే వెనక ఎందరున్నారో చూడండి. చక్రంతో మొదలుపెడదాం. చక్రం నడుమ ఉండే దిమ్మ పగుళ్ళు రాని చేవకర్ర కావాలి. దానికి తొలిచిన రంధ్రాల్లో ఆకులు దిగ్గొడతారు. ఆకుల కొసలకు వంపుగా చెక్కిన పూటీలు తొడుగుతారు. బళ్ళ చక్రాలకు మన వడ్రంగులు నమ్ముకున్నది తుమ్మ. కొట్టిన కర్రను ఆరబెట్టడానికే నెలలు పడుతుంది, అందుకు వడ్రంగి దగ్గర పెట్టుబడో, అప్పిచ్చే షావుకారో ఉండాలి. చక్రం తయారయ్యాక కమ్మరి వంతు. ఇనప పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా పిసరంత తక్కువగా వంచి అతుకుతాడు. పిడకల మంటలో దాన్ని ఎర్రగా కాల్చితే సాగుతుంది. ఇద్దరు ముగ్గురు పట్టకార్లతో పట్టుకుని చక్రానికి తొడిగి వెంటనే నీళ్ళు పోస్తారు. చల్లబడుతూ ముడుచుకున్న ఇనుము పూటీలనూ ఆకులనూ దిమ్మలోకి బిగించేస్తుంది. ఒక్క మేకు అవసరం లేకుండా చక్రం ఏకాండీ అవుతుంది. కొలతలో నూలుపోగంత తేడా వచ్చినా ఊడిపోతుంది, లేదా ఆకులు విరుగుతాయి. అది వడ్రంగీ కమ్మరీ ఒకరి కొలతను ఒకరు నమ్మి చేసే పని. ఇద్దర్నీ వేరువేరు స్టాళ్ళలో కూర్చోబెట్టి, ఒకడి చేత చెక్క గరిటెలు, ఇంకొకడి చేత ఇనప దీపపు సెమ్మెలు చేయిస్తే పోయేది సరిగ్గా ఇదే. ఆ తర్వాత ఇరుసు, కమానులు, నొగలు, గుడిసెలా వంచిన పైకప్పుకు వెదురు బద్దలూ చాపా. వెదురు మేదరిది. జీను, కళ్ళెం, పగ్గాలు తోలుపనివాళ్ళవి. గుర్రానికి లాడాలు కొట్టేవాడు వేరే. కొన్ని వారాలకొకసారి డెక్క చెక్కి, కొలత చూసి, లాడం దిగ్గొట్టాలి. ఆ కొలత మామూలు కమ్మరికి రాదు. రోజూ గడ్డి మోపులు తెచ్చి అమ్మే ఆడవాళ్ళు, ఉలవలు అమ్మే కోమటి, వీధుల్లో రాతి తొట్లు చెక్కిన వడ్డెరలు. వీళ్ళందరి సంపాదనలో కొంత జట్కావాడు రోజంతా తోలి తెచ్చిన చిల్లరలోంచి వస్తుంది.

తోలడం కూడా ఒక పనితనమే. జట్కాకు రెండే చక్రాలు. ఎక్కినవాళ్ళ బరువు ఇరుసుకు వెనక పడితే నొగలు పైకి లేచి గుర్రం పొట్ట కింది పటకా బిగుసుకుంటుంది; ముందు పడితే గుర్రం వీపు మీద మోపు. అందుకే జట్కావాడు ఎక్కేవాళ్ళని ముందుకు జరగమనీ, వెనక్కి జరగమనీ సతాయించేవాడు. మన పాత కథల్లో ఇది హాస్యంగా కనబడుతుంది కానీ అతను చేస్తున్నది జంతువు వీపు మీద బరువును ఇంచీల లెక్కన తూచడం. బెంగళూరులో ఈ పని చేసినవాళ్ళలో చాలామంది ముస్లింలు. తెలుగునాట జట్కా సాయిబు అన్న మాట వాడుకలో స్థిరపడినట్టే ఇక్కడా. ఈ సంగతి ఎందుకు ముఖ్యమో తర్వాత చెబుతాను.

ఇప్పుడు, ఇప్పటికే కట్టిన పల్లెల వైపు చూద్దాం. బెంగళూరుకు అతి దగ్గర, అన్నిటికన్నా గౌరవించదగ్గ ప్రయత్నం రామనగర దగ్గరి జానపద లోక. ఐఏఎస్ అధికారిగా పనిచేసిన హెచ్.ఎల్. నాగేగౌడ 1979లో కర్ణాటక జానపద పరిషత్తును పెట్టి, దాని తరఫున మైసూరు రోడ్డు పక్కన 15 ఎకరాల్లో దీన్ని లేపారు, 1994లో తెరిచారు. ప్రభుత్వ శాఖ తలపెట్టిన పని కాక జానపద ప్రేమికుల సంఘం తలకెత్తుకున్న పని కావడం దీని విశేషం. తోలుబొమ్మలు, యక్షగాన వేషాలు, రోళ్ళు, గాదెలు, పల్లె వాయిద్యాలు, పాటల రికార్డింగులు ఇక్కడ ఉన్నాయి. అందులో ఆయగార మాళ అని ఒక విభాగం ఉంది. పాత గ్రామానికి పన్నెండుమంది ఆయగాండ్రుండేవారన్న సంగతి తెలుగు పాఠకులకు కొత్త కాదు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి, నీరుగట్టు కాసేవాడు, ఇలా ఊరికి పని చేసేవాళ్ళు రైతు కళ్ళంలో ఏటా ధాన్యంలో తమ వాటా, అంటే మేర, పుచ్చుకునేవాళ్ళు. ఆ మాళలో గానుగ, బండి, సారె అన్నీ ఉన్నాయి. మేర ఒక్కటి లేదు. ఉండే వీలూ లేదు, ఎందుకంటే మేర వస్తువు కాదు, ఒప్పందం. బళ్ళారి రోడ్డు మీద జక్కూరు దగ్గర కళాకారుడు టి.బి. సొలబక్కనవర్ రూపొందించిన రంగోలి గార్డెన్‌లో పల్లె వృత్తులు నిలువెత్తు బొమ్మలుగా ఉన్నాయి. హైదరాబాదు శిల్పారామం గ్రామీణ ప్రదర్శనశాలలోనూ అలాగే. మనిషి రూపం, వేషం, నిలబడిన తీరు ఎంతో శ్రద్ధగా దించారు. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర ఇంకో మెట్టు పైన ఉంది: నిజమైన ఇళ్ళను విప్పి, తెచ్చి, మళ్ళీ నిలబెట్టారు. కొయ్యలగూడెం ఇక్కత్ నేతగాడి ఇల్లు, హరిపురం తరహా గుండ్రటి ఇల్లు మనవాళ్ళు అక్కడ చూడవచ్చు. స్వీడన్‌లో ఆర్తూర్ హాజేలియస్ 1891లో స్టాక్‌హోమ్‌లో స్కాన్సెన్ పెట్టి చేసిన పని ఇదే; ప్రపంచంలో చాలా ఆరుబయలు మ్యూజియాలకు అది నమూనా. ఇవేవీ చిన్న పనులు కావు. అయినా, ఇంటిని తేవచ్చు, ఇంటికొచ్చే ఖాతాదారుణ్ణి ఎలా తెస్తారు?

ఈ వాదనకు వెంటనే ఎదురయ్యే ప్రశ్న జానపద లోక నుంచి అదే రోడ్డున కాస్త ముందుకు పోతే తగులుతుంది: చన్నపట్న. అక్కడి లక్కబొమ్మలకు బండితో పనేముంది? టిప్పు కాలంలో పారసీక పనివాళ్ళు నేర్పారని చెప్పుకునే ఈ పని, 20వ శతాబ్దం తొలినాళ్ళలో బావాస్ మియా జపాను పద్ధతులు తెలుసుకుని మార్పులు చేశాక కొత్త ఊపిరి పోసుకుంది. తరిణి మీద తిరిగే కర్రకు లక్క అద్ది మొగలి ఆకుతో మెరుగు పెట్టే ఆ పని ఇప్పటికీ ఇళ్ళల్లో, చిన్న కార్ఖానాల్లో నడుస్తోంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్రే చన్నపట్నలోనూ వాడేది; అక్కడ దాన్ని ఆలె అంటారు. ఏటికొప్పాకలో సి.వి. రాజు చెట్ల రంగుల్ని తిరిగి తెచ్చి, రసాయనాలు వద్దనే తల్లిదండ్రుల దగ్గరికి బొమ్మను చేర్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2017లో ఏటికొప్పాక బొమ్మకు, దానికన్నా ముందే చన్నపట్న బొమ్మకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాబట్టి పాత గిరాకీ పోయినా కొత్త గిరాకీతో వృత్తి బతుకుతుంది కదా అంటారు. నిజమే, బతుకుతుంది. బొమ్మకు ఆ వెసులుబాటు ఉంది. చేతిలో పట్టుకుపోవచ్చు, విమానంలో పెట్టుకోవచ్చు, అర్థం చెప్పాల్సిన పనిలేదు. చక్రం చేసే వడ్రంగికి, లాడం కొట్టేవాడికి, జీను కుట్టేవాడికి అలాంటి దారి లేదు. బండి చక్రాన్ని హోటలు గోడకు తగిలించే అలంకరణగా అమ్మవచ్చు, అమ్ముతున్నారు కూడా. కానీ తిరగనక్కరలేని చక్రానికి కొలత అక్కరలేదు, పట్టా బిగువు అక్కరలేదు. రెండో తరానికి ఆ పనితనం ఉండదు. కాబట్టి చన్నపట్న నా మాటను కొట్టెయ్యడం లేదు, దానికి హద్దు గీస్తోంది. తనంత తాను సంతలో నిలబడగలిగిన వృత్తికి పాతకాలపు ఊరు అవసరమే లేదు. నిలబడలేనిదానికే కావాలి. వాటిలో బండికి సంబంధించినవి ముందు వరసలో ఉంటాయి.

అమెరికాలోని విలియమ్స్‌బర్గ్‌లో బండి తిరిగితే దాని వెనక వృత్తులూ నిలుస్తాయన్న సూత్రం పనిచేస్తున్నట్టు కనబడుతుంది. 1926లో రాక్‌ఫెల్లర్ డబ్బుతో మొదలైన ఆ పునర్నిర్మాణంలో గుర్రపు బగ్గీలు, బండ్లు తిరుగుతాయి. చక్రాల వడ్రంగి దుకాణం ఉంది, కమ్మరి కొలిమి ఉంది. ఆ వడ్రంగులు చేసిన చక్రాలు, బండ్లు ఆ ఊరి పనికే పోతాయి. కమ్మరి కొట్టిన మేకులు అక్కడి కట్టడాల్లోకి పోతాయి. చూసేవాళ్ళు ఉన్నారు, కానీ పని వాళ్ళ కోసం జరగడం లేదు. చక్రం ఊడితే బండి ఆగుతుంది, ఆగితే ఊరికి ఇబ్బంది. పనివాడి మీద ఆ ఒత్తిడి ఉన్నందువల్లే అప్రెంటిస్‌కు పని ఒంటబడుతుంది.

గుర్రం దగ్గరికి వచ్చేసరికి గట్టి అభ్యంతరం ఉంది, తేలిగ్గా తీసిపారేసేది కాదు. 2015 జూన్‌లో బొంబాయి హైకోర్టు ముంబయి విక్టోరియా బండ్ల షికార్లు చట్టవిరుద్ధమంది. కేవలం మనుషుల వినోదం కోసం గుర్రాల్ని అలా తిప్పడం మానుకోదగ్గ పనేనని దాని సారాంశం. ఆ మాట సరిగ్గా మన గేటు దగ్గరి గుర్రపుబండికే తగులుతుంది. షికారు చక్కర్లకు గుర్రాన్ని పెట్టే పాతకాలపు ఊరికి ఆ తర్కం ముందు చెప్పుకోవడానికి ఏమీ ఉండదనే నా అభిప్రాయం. కనుక షికార్లు వద్దు. గుర్రం, ఎద్దు ఆ ఊళ్ళో పని చెయ్యాలి: గడ్డి, కట్టెలు, మట్టి, నీళ్ళు, చెత్త, కార్ఖానాలకు కర్ర. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో కేంద్రం చేసిన నియమాలు ఇప్పటికీ ఉన్నాయి. రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించకూడదు, ఐదు గంటలకు మించి ఏకబిగిన తోలకూడదు, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టకూడదు. ఊరు లోపల దూరాలు తక్కువ, తారురోడ్డు లేదు; ఈ హద్దులో సగం దగ్గరే ఆగవచ్చు. పశువైద్యుణ్ణి, ముసలి జంతువుల మేతను భరించే స్తోమత లేకపోతే గుర్రాన్ని తేకుండా ఉండటమే మర్యాద. ఇంకో కోణం కూడా ఉంది, అది బెంగళూరుదే. ఐఐఎం బెంగళూరు తొలి డైరెక్టరు ఎన్.ఎస్. రామస్వామి ఎద్దుబండి గురించి ఏళ్ళ తరబడి పోరాడారు. మేనేజ్‌మెంటు విద్యాలయం అధిపతి కాడిమాను గురించి మాట్లాడటం వింతగా తోచినవాళ్ళు చాలామంది ఉండి ఉంటారు. ఆయన చెప్పింది సూటి మాట: ఎద్దు మెడ పుండు పడటం బండి చెడ్డగా చెయ్యడం వల్ల, తేలికగా తిరిగే చక్రం, మెడను ఒరుసుకోని కాడి ఉంటే అదే బరువును తక్కువ బాధతో లాగుతుంది. అంటే జంతువుకు దయ చూపించే చోటుల్లో బండి చేసేవాడి బల్ల ఒకటి. ఆ బల్ల మూతపడ్డాక మిగిలిన గుర్రపుబండ్లే పెళ్ళి ఊరేగింపుల్లో తళుకులు కప్పుకుని, ఎవరూ కొలత చూడని జీనుల కింద నడుస్తున్నాయి.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. పాత ఊరంటే కులాల ఊరు. ఆయగాండ్ర మేరలో హక్కు ఎంతో, లొంగుబాటూ అంతే. తోలుపనివాడి ఇల్లు ఊరి నడిమధ్య లేదు, నీళ్ళు ఎవరు ఎక్కడ తోడుకోవాలో రాసిపెట్టినట్టు ఉండేది. బెంగళూరు పేటలో కుడిచేతి, ఎడమచేతి కులాల కొట్లాటల గురించి బుకానన్ కూడా రాశాడు. ఇవన్నీ కడిగేసి, అందరూ నవ్వుతూ పనిచేసుకునే ఊరును కట్టి మన సంస్కృతి అని చూపించడం కన్నా ఏదీ కట్టకపోవడం మేలనేవాళ్ళున్నారు. సగం ఒప్పుకుంటాను. విలియమ్స్‌బర్గ్ కూడా దశాబ్దాల పాటు అదే చేసింది; 18వ శతాబ్దంలో ఆ ఊరి జనాభాలో దాదాపు సగం బానిసలైతే, వాళ్ళ కథ చెప్పడం 1979లో గానీ మొదలుకాలేదు. 1994లో బానిసల వేలాన్ని నటించి చూపిస్తే పెద్ద గొడవ జరిగింది. గొడవ జరిగిందంటే ఆ ఊరు చరిత్ర చెప్పడం మొదలుపెట్టిందని అర్థం. మన ఊరికి బండిని నడుమ పెట్టడంలో నాకు కనబడే లాభాల్లో ఇదొకటి: బండి అన్ని వాడల్లోకీ పోతుంది. చక్రం వెనక వడ్రంగి, పగ్గం వెనక తోలుపని చేసే దళితుడు, రాతి తొట్టి వెనక వడ్డెర, నొగల వెనక ముస్లిం జట్కావాడు, మోపు వెనక గడ్డి కోసిన ఆడమనిషి. పల్లెను పాకతో చెప్తే ఒక్క ఇంటి కథ చెప్పి ఊరుకోవచ్చు. బండితో చెప్తే వీళ్ళలో ఏ ఒక్కరిని వదిలినా కథ కదలదు. ఎవరికి ఎంత ముట్టేది, ఎవరు ఎవరి వాకిలి తొక్కకూడదు అన్నది కూడా అక్కడే చెప్పాలి. ఆ వృత్తుల పిల్లలు ఇవాళ ఇంకేదో పనిలో ఉంటే వాళ్ళని తాతల వేషం కట్టమని అడిగే హక్కు ఎవరికీ లేదు. పని నేర్చుకోవడానికి వచ్చేవాడు ఏ కులం వాడైనా రావచ్చు, నెల జీతం మీద రావాలి. పాత ఊళ్ళో ఉండని ఈ ఒక్క నియమాన్ని దాచుకోనక్కరలేదు.

ఇంతకీ ఆ చక్రాలు ఎవరు కొంటారు? ఊరి లోపలి పనికే అన్నీ సరిపోవు. విలియమ్స్‌బర్గ్ వెనక ఉన్నంత సొమ్ము ఇక్కడ ఎవరి దగ్గరా లేదు. కానీ చుట్టూ గిరాకీ పూర్తిగా చావలేదు. కన్నడ, తెలుగు నేలల్లో ఏటా తిరిగే దేవుడి రథాలకు ఇప్పటికీ కొయ్యచక్రాలు కావాలి. పాతవి బాగుచెయ్యాలి, కొత్తవి చెయ్యాలి. దొడ్డబళ్ళాపురం దగ్గర ఘాటి సుబ్రహ్మణ్యలో జరిగే పశువుల సంతకు హళ్ళికార్ ఎద్దుల జతలు ఇప్పటికీ వస్తాయి, వాటిని మెరిపించే బండి, పలుపు, మువ్వల పట్టెడలు కొనేవాళ్ళు అక్కడే ఉంటారు. కుణిగల్లు అశ్వశాల టిప్పు కాలం నుంచి ఉంది. అక్కడ పెరిగేవి పందెపు గుర్రాలే అయినా, లాడం కొట్టేవాడు, జీను కుట్టేవాడు వాటికీ కావాలి, బెంగళూరు రేసుకోర్సుకూ కావాలి. పాతకాలం సినిమా తీసేవాళ్ళకు ప్రతిసారీ బండ్లు కావాలి. వీటన్నిటికీ నడుమన, రామనగర, చన్నపట్న మధ్య మైసూరు రోడ్డు పక్కన ఉంటే, ఈ ఊరికి లక్కపని పొరుగునే ఉంటుంది, జానపద లోక పొరుగునే ఉంటుంది, బెంగళూరు భూమి ధరలు మాత్రం మరీ నెత్తినెక్కవు. మొదటి ఏడాది టిక్కెట్టు పెట్టి జనాన్ని రానివ్వకుండా, ఒక కొలిమి, ఒక వడ్రంగి కొట్టం, ఒక తోలుపని గది, ఒక లాడాల పట్టడ తెరిచి, ఘాటి సంతకు ముందు ఎన్ని బండ్ల పని వస్తుందో చూడాలి. ఆ నలుగురి దగ్గరికి బయటివాళ్ళు పని పట్టుకుని రావడం మొదలయ్యాక పెంకుటిళ్ళ ప్లాను గీయించవచ్చు. మైసూరులో దసరాకు జంటల్ని టాంగాలెక్కించి పాత భవనాలు చూపించే యాత్రకు జనం బాగానే వస్తారు, ఆ ముచ్చట ఇక్కడా పెడదామని ఈ ఊరిని నడిపే సంఘంలో ఎవరో ఒకరు అంటారు. అప్పటికి కొట్టంలో తయారైన చక్రాలు నాలుగు రథాలకో, నలభై బండ్లకో ఎక్కి ఉంటే, ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో వడ్రంగినీ జట్కావాణ్ణీ అడిగి తేల్చుకోవచ్చు. ఆ సంఘంలో వాళ్ళకు ఓటుండాలి.